పొదిగిన పెట్టె – విశాఖపట్నపు పనితనము

కానుకగా ఇచ్చే వస్తువులలో పెట్టెకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఫలము తిన్నంతలో తీరిపోతుంది. వస్త్రము కట్టినంత కాలము ఉంటుంది. పెట్టె మాత్రము మరొక వస్తువును కాపాడుతూ తాను తరాలపాటు నిలుస్తుంది. కుంకుమభరిణె మొదలు పెండ్లినాటి నగలపెట్టె వరకు మన ఇండ్లలో దీనికి గౌరవస్థానమే ఉన్నది. తెలుగుదేశములో ఈ పెట్టెను ఒక గొప్ప కళగా పెంచిన ఊరు విశాఖపట్నము. ఆ కళ ఎట్లా పెరిగినది, ఎందువలన ఆగిపోయినది, ఈనాడు అరకు ప్రాంతపు కొండకలపతో అటువంటి పెట్టెను చేసుకొనుట సాధ్యమా అన్న విషయము ఈ ప్రసంగములో ముచ్చటిస్తాను.

విశాఖపట్నమునకు ముందు సముద్రము, వెనుక తూర్పు కనుమలు. ఈ రెండింటి కలయికనుండే ఈ కళ పుట్టినదనవచ్చును. 17వ శతాబ్దిలో డచ్చివారు భీమునిపట్నములోను, 1682లో ఇంగ్లీషువారు విశాఖపట్నములోను వర్తకస్థానములు నెలకొల్పినారు. బర్మాదేశపు పెగూ నుండి ఓడలమీద దంతము దిగేది. పాశ్చాత్యులు తమకు కావలసిన కుర్చీలు, బీరువాలు, పెట్టెల ఆకారములు చూపినారు. వాటిమీది లతలను, పువ్వులను మన పనివారు తమ చేతినుండే తెచ్చినారు. కోరమండలపు అద్దకపు వస్త్రములమీద ప్రాకే తీగెలే ఈ పెట్టెల అంచులమీదను ప్రాకినవి. 1756లో ఈ ఊరు చూచిన మేజర్ జాన్ కార్నెయిల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఇక్కడి పొదుగుడుపనిని మెచ్చుకొంటూ వ్రాసినాడు. విశాఖలో 1770 ప్రాంతమున చందనపు కలపమీద దంతపు రేకులు తాపి చేసిన ఆసనములను 1781లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి తన రాణి షార్లెట్ కొరకు కొన్నాడు. మన పనివారి చేతిపని ఆ విధముగా ఒక రాజు రాణికిచ్చిన కానుక అయినది.

ఈ పనిలో రెండు పద్ధతులున్నవి. మొదటిది పొదుగుట. నల్లని చేవకలపలో పల్లము తవ్వి, అదే ఆకారమున కోసిన దంతపు తునకను అందులో దించుట. రెండవది తాపడము. పెట్టె నంతటిని పలుచని దంతపు రేకులతో కప్పుట. పద్ధతి ఏదైనను చివరి పని ఒక్కటే: దంతముమీద సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్క నింపుట. 18వ శతాబ్దపు పొదుగుడు సామానులో అందము నలుపుతెలుపుల పొందికవలన వచ్చినది. తరువాత తాపడము ప్రబలినది. 19వ శతాబ్దిలో కుట్టుపని పెట్టెలు, వ్రాతపెట్టెలు విరివిగా తయారైనవి. దంతముతోపాటు గేదెకొమ్ము, తాబేటిచిప్ప, ముళ్లపంది ముళ్లు కూడ వాడుకలోనికి వచ్చినవి.

ఈ వైభవము వెనుక ఒక చేదునిజమున్నది. దంతము కొరకు ఏనుగులను చంపినారు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. 1986 సవరణతో మనదేశపు ఏనుగుదంతముల వ్యాపారము, 1991 సవరణతో ఆఫ్రికా దంతముల వ్యాపారము కూడ నిషిద్ధమైనవి. ఇది న్యాయమైన నిషేధము. అయితే దంతము పోయినంత మాత్రమున విద్య పోవలసినదేనా? అట్లు కాదనుటకు మైసూరు పనివారే సాక్ష్యము. వారు దంతము విడిచి, రంగురంగుల కలపతోనే ఇరుగుడు బల్లలమీద చిత్రములు పొదుగుతున్నారు. ఈ కళకు ప్రాణము దంతములో లేదు. రెండు తునకల నడుమ వెండ్రుకైన దూరనంతటి అమరికలో ఉన్నది.

మరి మనకు కావలసిన కలప ఏది? నలుపునకు ఇరుగుడు. దీనినే జిట్రేగి అని, పట్టణములలో రోజువుడ్డు అని అంటారు. తూర్పు కనుమలలో పెరిగే చెట్టే ఇది. అయితే అడవిలో దీనిని నరుకుట నేరము. అటవీశాఖవారి వేలములో కొన్న కలపనో, అంతకన్న మేలుగా పాత మంచపుకోడునో, విరిగిన బీరువా పలకనో వాడుకొనవలెను. పాతకలప బాగుగా ఆరి ఉంటుంది గనుక వంకరపోదు. తెలుపునకు అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ కర్రతోనే. మెత్తని పోగుతో దంతమువలె తెల్లగా ఉంటుంది. నరికిన మోడునుండి తిరిగి చిగురిస్తుంది. పసుపునకు పనస. కాలము గడచినకొలది ఇది గోధుమవన్నెకు మారుతుందని ముందే ఎరిగి వాడవలెను. నిగనిగలాడే నలుపు కావలెనన్న గేదెకొమ్ము ఉన్నది. కొమ్మును వేడిచేసి మెత్తపరచి పలకలుగా అణచే విద్య ఒడిశాలోని పర్లాకిమిడి పనివారిది.

చిత్రమునకు అరకులో కొదువలేదు. ప్రాకుచు పోయే అడ్డతీగెను అంచుగా తీసికొనవచ్చును. విస్తళ్లు కుట్టే అడ్డాకు కొన రెండుగా చీలి ఉంటుంది గనుక చూచినంతనే గుర్తుపట్టవచ్చును. చలికాలపు ఆరంభములో లోయనంతటిని పసుపుపచ్చ చేసే వలిసెపూవును పనసకర్రతో మూత నడుమ నిలుపవచ్చును.

ఇక పనివిధానము. జానెడు పొడవు, అందులో మూడింట రెండువంతుల వెడల్పు గల పెట్టె కానుకకు చాలును. ప్రక్కపలకలు ఒక సెంటీమీటరు మందము చాలు. మూలలను మేకులతో కాక, పళ్లుగా కోసి ఒకదానిలో ఒకటి దిగేటట్లు అమర్చవలెను. మూతపలకను చుట్టు చట్రములోని గాడిలో వదులుగా నిలుపవలెను గాని జిగురుతో బిగింపరాదు. దీనికి కారణమున్నది. కలప తేమకు ఉబ్బి, పొడిగాలికి కుంచించుకొంటుంది. అదియు పొడవునకు కాక, అడ్డముగా. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో వానకాలమున చేసిన పెట్టె, వేసవిలో హైదరాబాదు చేరినదంటే, బిగించిన మూత చిట్లక తప్పదు.

పొదుగుడు పని మూతపలకను చట్రములో చేర్చకముందే ముగించవలెను. అంకుడును రెండు మిల్లీమీటర్ల రేకులుగా కోసి, చిత్రము అతికించి, సన్నని రంపముతో ఆకులు, పువ్వులు కత్తిరించవలెను. ఒక్కొక్క తునకను ఇరుగుడు పలకమీద ఉంచి, సూదిమొనతో చుట్టు గీత గీయవలెను. పెన్సిలు గీత లావు. ఆ లావే తరువాత సందుగా మిగులుతుంది. గీతకు లోపలనే ఉలితో పల్లము తీయవలెను. పల్లపులోతు తునక మందముకన్న కొంచెము తక్కువగా ఉండవలెను. అప్పుడు తునక పైకి పొడుచుకొని ఉంటుంది. దానిని పిదప మట్టముగా దించవచ్చును. లోతు ఎక్కువైనచో పలకనంతటిని అరగదీయవలసి వస్తుంది. జిగురు పెట్టి, పైన చదునైన బల్ల ఉంచి బిగించి, ఒక దినము కదల్చరాదు. ఉప్పుకాగితముతో నునుపు చేసేటప్పుడు పోగు వెంట రుద్దవలెను. ఇరుగుడు పొడి తెల్లకర్రలో ఇంకి మాపుతుంది గనుక మాటిమాటికి తుడువవలెను.

గీతలు చెక్కి నలుపు నింపుటలో దంతమునకు, కర్రకు భేదమున్నది. దంతము మసిని పీల్చదు, కర్ర పీల్చును. అందుచేత ముందుగా స్పిరిటులో కరిగించిన లక్కను పలుచగా పూసి రంధ్రములు మూయవలెను. అది ఆరిన తరువాత ఆకుల ఈనెలు చెక్కి, దీపపుమసి కలిపిన లక్కను వాటిలో నింపి, పైపైన మిగిలినదానిని గీకివేయవలెను. మోదుగ, రేగు మొదలైన చెట్ల కొమ్మలమీద పురుగు కూర్చే ఆ లక్కయే చివరి మెరుగుకు కూడ పనికివస్తుంది.

ఇంకొక మాట. విశాఖ పనితనమును మెచ్చిన సైనికుని పేరు మనకు తెలియును. ఆ ఆసనములను కొన్న రాజుపేరు తెలియును. వాటిని చేసినవారి పేర్లు మాత్రము వాటిమీద లేవు. ఆనాటి పెట్టెలలో పనివాని పేరు గలవి బహు అరుదు. ఈనాడు పెట్టె చేసి ఇచ్చేవారు మూత లోపలివైపున తమ పేరు, సంవత్సరము, వాడిన కలపల పేర్లు చెక్కవలెనని నా సూచన. పుచ్చుకొన్నవారి మనుమలు ఎప్పుడో ఆ మూత ఎత్తి, నల్లనిది ఇరుగుడనీ తెల్లనిది అంకుడనీ చదువుకొంటారు. అది చేసిన మనిషి ఎవరో కూడ తెలిసికొంటారు.