పెట్రోలు ఎక్కువ తాగే ఇంజను: లోపాన్ని పట్టిచ్చే ప్లస్, మైనస్

కారు మైలేజీ ఉన్నట్టుండి పడిపోయింది. సైలెన్సర్ గొట్టం చివర నల్లటి మసి పేరుకుంటోంది. బండి వెనక నిలబడితే పెట్రోలు వాసన. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం ఆరడం లేదు. షెడ్డుకు తీసుకెళ్తే 'మిక్స్చర్ రిచ్ అయింది' అంటారు. అంటే గాలికి తగినదాని కన్నా ఎక్కువ పెట్రోలు ఇంజనులోకి వెళ్తోందని అర్థం.

ఆ మాట నిజమే కావచ్చు. కానీ అది జ్వరం లాంటిది. లక్షణమే తప్ప జబ్బు పేరు కాదు. కారణం తేల్చకుండా ఫిల్టరు, ప్లగ్గులు, సెన్సర్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే బిల్లు పెరుగుతుంది తప్ప పొగ తగ్గుతుందన్న హామీ లేదు. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆధారం కారు కంప్యూటర్‌లోనే ఉంటుంది. అది ముందు ప్లస్ గానీ మైనస్ గానీ ఉన్న ఒక శాతం.

14.7 లెక్క

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి అంతకన్నా తగ్గితే మిశ్రమం రిచ్, పెరిగితే లీన్. రిచ్ మిశ్రమంలో ఆక్సిజన్ చాలదు. అందుకే కార్బన్‌లో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా మారలేక కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. మరీ రిచ్ అయితే మసిగా మిగులుతుంది. నల్ల పొగ అదే. తెల్ల పొగ నీటి ఆవిరి గానీ కూలెంట్ గానీ కావచ్చు. నీలం పొగ ఇంజను ఆయిల్ మండుతోందనడానికి గుర్తు. ఈ రెండింటికీ రిచ్ మిశ్రమంతో సంబంధం లేదు.

పెట్రోలును చూడలేని సెన్సర్

ఈ నిష్పత్తిని కాపాడే పని ప్రధానంగా పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్‌ది. చాలా కార్లలో ఇది జిర్కోనియా అనే సిరామిక్‌తో తయారవుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే జిర్కోనియాలో ఆక్సిజన్ అయాన్లు కదలగలవు. ఒక పక్క 21 శాతం ఆక్సిజన్ ఉన్న బయటి గాలి, మరో పక్క ఇంజను పొగ. రెండింటి మధ్య తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే 0.8 నుంచి 0.9 వోల్టులు, మిగిలి ఉంటే 0.1 వోల్టు దరిదాపులు. కొత్త కార్లలో వాడే వైడ్‌బ్యాండ్ సెన్సర్ల అంకెలు వేరుగా ఉంటాయి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ సెన్సర్ పెట్రోలును కొలవదు, మిగిలిపోయిన ఆక్సిజన్‌ను మాత్రమే చూస్తుంది. ఆక్సిజన్ లేదని అది చెబితే కంప్యూటర్ ఇంధనం తగ్గిస్తుంది, ఉందంటే పెంచుతుంది. ఈ సవరణ పేరే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్, అలవాటుగా స్థిరపడినది లాంగ్ టర్మ్ ట్రిమ్. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ పెడితే రెండూ కనిపిస్తాయి. రెండూ కలిపి ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉంటే సాధారణంగా కంగారు అక్కర్లేదు.

మైనస్ వస్తే

ట్రిమ్ మైనస్ 20 శాతం దగ్గర ఉంటే, పెట్రోలు ఎక్కువవుతోందని కంప్యూటర్‌కు తెలుసు. తగ్గించడానికి తంటాలు పడుతోంది. ఇక తగ్గించలేనప్పుడు పి0172 అనే కోడ్ నమోదవుతుంది. ఈ కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం చాలాసార్లు నిజం చెప్పిన సాక్షిని శిక్షించడమే.

ఇప్పుడు ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి ట్రిమ్ చూడాలి. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి వేగం పెరిగితే సున్నా వైపు వస్తోందంటే, కారుతున్న ఇంజెక్టర్‌ను గానీ, తెరిచే ఉండిపోయిన పర్జ్ వాల్వును గానీ అనుమానించాలి. పర్జ్ వాల్వు పెట్రోలు ట్యాంకు ఆవిరిని ఇంజనులోకి పంపే దారి. కారే చుక్క ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. ఐడిల్‌లో ఇంజను తాగేదే తక్కువ కాబట్టి అక్కడ ఆ చుక్క వాటా పెద్దది. వేగం పెరిగేకొద్దీ ఆ వాటా చిన్నదవుతుంది. అన్ని వేగాల్లోనూ మైనస్ ఒకేలా ఉంటే ఇంధన పీడనం ఎక్కువై ఉండొచ్చు, లేదా గాలిని కొలిచే సెన్సర్ ఉన్నదాని కన్నా ఎక్కువ చెబుతూ ఉండొచ్చు.

మరి ఎయిర్ ఫిల్టరు? కార్బురేటర్ కాలంలో ఫిల్టరు మూసుకుపోతే మిశ్రమం నిజంగానే రిచ్ అయ్యేది. ఇప్పటి ఇంజన్లలో ఫిల్టరు దాటి వచ్చిన గాలినే సెన్సర్ కొలుస్తుంది, దానికి తగ్గట్టే పెట్రోలు పడుతుంది. మురికి ఫిల్టరు వల్ల ఇంజను సత్తువ తగ్గుతుంది గానీ నల్ల పొగకు అది మొదటి అనుమానితుడు కాదు.

ప్లస్ వస్తే

పెట్రోలు వాసన గుప్పుమంటున్నా ట్రిమ్ ప్లస్‌లో ఉంటే కంప్యూటర్ మోసపోతోంది. ఒక ప్లగ్గు సరిగా మండించకపోతే ఆ సిలిండర్ నుంచి పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికొస్తుంది. సెన్సర్‌కు కనబడేది ఆక్సిజనే కాబట్టి 'లీన్' అంటుంది. కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. సెన్సర్‌కు ముందు పొగ గొట్టానికి చిల్లు పడి బయటి గాలి చొరబడినా ఇదే జరుగుతుంది. ఇక్కడ పొగ పరీక్ష రెండో సాక్షి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే మిశ్రమం నిజంగా రిచ్. హైడ్రోకార్బన్లు పెరిగి మోనాక్సైడ్ అంతగా పెరగకపోతే మంట తప్పుతోందని అనుమానించాలి.

ఈ20 పెట్రోలు వాడకం కూడా ట్రిమ్‌ను ప్లస్ వైపే జరుపుతుంది. ఇథనాల్‌లో బరువు ప్రకారం దాదాపు 35 శాతం ఆక్సిజనే. అందువల్ల ఈ20కి సరైన నిష్పత్తి 13.5 దగ్గరికి దిగుతుంది. లీటరులో ఉండే శక్తి కూడా కొంత తక్కువ. కాబట్టి మైలేజీ స్వల్పంగా తగ్గినంత మాత్రాన ఇంజను రిచ్ అయిందనుకోనక్కర్లేదు.

సున్నా దగ్గర ఆగితే

చల్లగా ఉన్న ఇంజనుకు కంప్యూటర్ కావాలనే ఎక్కువ పెట్రోలు ఇస్తుంది. ఆ కాసేపు ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు, ట్రిమ్ కదలదు. ఇంజను ఎంత వేడెక్కిందో చెప్పేది కూలెంట్‌లోని థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం పడిపోతుంది. తీగ తెగితే నిరోధం అనంతం. అప్పుడు చాలా కార్లలో స్కానర్ మీద మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. విజయవాడ మే నెల ఎండలోనూ ఆ సెన్సర్ చెప్పేది హిమాలయాల చలే. పరీక్ష తేలిక. రాత్రంతా ఆగిన కారులో, స్టార్ట్ చేయకముందు, కూలెంట్ ఉష్ణోగ్రతా, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతా దాదాపు ఒకటే ఉండాలి. చాలా తేడా ఉంటే రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది.

వాయిదా వేస్తే

మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండితే లోపలి తేనెపట్టు లాంటి సిరామిక్ కరిగిపోవచ్చు. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలు ఉండే ఆ భాగం ఖరీదు సెన్సర్ ఖరీదుకు ఎన్నో రెట్లు. సిలిండర్ గోడల మీదుగా జారిన పెట్రోలు ఇంజను ఆయిల్‌ను పలచన చేసి బేరింగులను అరగదీస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే బండి నడపడం ఆపాలి. అన్నిటికన్నా ముఖ్యం కార్బన్ మోనాక్సైడ్. వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో, సెల్లార్ పార్కింగులో ఇలాంటి ఇంజనును ఆన్‌లో ఉంచడం ప్రాణాంతకం.

ఇంధన పీడనం కొలవడం, ఇంజెక్టర్లు విప్పడం మెకానిక్ పని. మీరు చేయాల్సింది ఒకటే. ఏ భాగమైనా మార్చే ముందు ఐడిల్‌లోనూ, 2500 దగ్గరా ట్రిమ్ ఎంతుందో చూపించమని అడిగి రాసుకోండి. అంతవరకు కోడ్‌ను చెరిపేయనివ్వకండి, బ్యాటరీ తీగ తీయనివ్వకండి. దీపం ఆరుతుంది గానీ, చాలా కార్లలో దాంతో పాటే కంప్యూటర్ నేర్చుకున్న ట్రిమ్ కూడా చెరిగిపోతుంది. లోపం మాత్రం అక్కడే ఉంటుంది.