డప్పు ఎందుకు కాస్తారు? - మనమే చేయదగిన ఒక ప్రాజెక్టు

ప్రాజెక్టు వర్క్ అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేవి చార్టు, స్కెచ్ పెన్నులు, థర్మోకోల్ అగ్నిపర్వతం. పుస్తకంలోని బొమ్మను చార్టు మీదికి ఎక్కించి మార్కులు వేయించుకుంటాం. కానీ అందులో మనం అడిగిన ప్రశ్న ఒక్కటీ ఉండదు. ప్రశ్న మనదైనప్పుడే ప్రాజెక్టు మనదవుతుంది. అలాంటి ప్రశ్న ఒకటి మన వాడల్లోనే ఉంది. కొట్టేముందు డప్పును మంటకు ఎందుకు కాస్తారు?

మా నాన్న బడి ముఖం చూడలేదు. అయినా డప్పును మంటకు చూపి, చిర్రతో ఒక్క దెబ్బ వేసి "ఇంకా పలకలేదు" అనో, "ఇప్పుడు పలికింది" అనో చెప్పేస్తాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఎమ్మెస్సీ ఫిజిక్సులో కంపించే పొరల పాఠం చదువుతుంటే, ఆ సమీకరణం నాన్న చేతిలోని వస్తువు గురించేనని తెలిసి ఒళ్లు పులకరించింది.

సైన్సు చెప్పేది

డప్పు అంటే గుండ్రని చట్రానికి చింతగింజల జిగురుతో అతికించి బిగించిన తోలు. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే వదులవుతుంది, బరువెక్కుతుంది. అందుకే వానాకాలంలో డప్పు మొద్దుగా మోగుతుంది. మంటకు చూపితే తేమ పోయి తోలు ముడుచుకోబోతుంది. చట్రం దాన్ని ముడుచుకోనివ్వదు కనుక బిగువు పెరుగుతుంది. సెకనుకు ఎన్ని కంపనాలో దాన్ని పౌనఃపున్యం అంటాం. అది బిగువు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. అనగా బిగువు 4 రెట్లయితే పౌనఃపున్యం 2 రెట్లవుతుంది. కింది 'స' నుండి పై 'స'కు చేరినట్టన్నమాట.

రామన్ గారు చేసింది

విశాఖపట్నంలో చిన్ననాటి చదువు చదివిన సి.వి. రామన్ గారికి 1930లో నోబెల్ బహుమతి తెచ్చింది కాంతి పరిశోధన. అంతకు ముందే ఆయన వాద్యాల మీద పనిచేశారు. మామూలు గుండ్రని పొరలో మూల స్వరంతోపాటు 1.59, 2.14 రెట్ల వంటి పొత్తు కుదరని స్వరాలు పుడతాయి. మృదంగం, తబలాల మీది నల్లని ముద్ద వల్ల ఆ స్వరాలు 2, 3, 4 రెట్లుగా వరుసలోకి వస్తాయని 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఆ ముద్దను ఎక్కడ, ఎంత మందంగా వేయాలో రామన్ కంటే ఎన్నో తరాల ముందే వాద్యం చేసే చేతులు చెవితో విని తేల్చాయి. ఎందుకలా అవుతుందో సైన్సు తర్వాత వివరించింది. రెండూ జ్ఞానమే.

మనం చేయవలసింది

1. ఊళ్లో అనుభవమున్న డప్పు కళాకారుణ్ణి ఒప్పించండి. ఆయనే మన గురువు.

2. ఒక ఫోను సంపాదించండి. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వారి 'ఫైఫాక్స్' అనే ఉచిత యాప్ శబ్దపు పౌనఃపున్యాన్ని కొలుస్తుంది.

3. కాయకముందు ఒకసారి, తర్వాత నిమిషానికొకసారి, ఒకే చోట, ఒకే దూరం నుండి దెబ్బ వేయించి అంకె రాసుకోండి.

4. ఫోను తెర గురువుగారికి చూపించకండి. "పలికింది" అని ఆయన అన్న క్షణాన అంకెకు గుర్తు పెట్టండి. ఇలా 10 సార్లు వేర్వేరు రోజుల్లో చేయండి. ఆ రోజు ఎండా, వానా అన్నదీ రాయండి.

5. గ్రాఫు గీయండి. పక్కనే ఆయన వాడిన మాటలను మార్చకుండా రాయండి. అడుగుల బొమ్మలు వేయండి.

పది గుర్తులూ దగ్గరదగ్గరగా ఉంటే ఆయన చెవి ఎంత కచ్చితమైనదో రుజువైనట్టే. చెదిరి ఉంటే ఆయనది పొరపాటని రాసెయ్యకండి. ఆయన వింటున్నది పౌనఃపున్యం ఒక్కటే కాకపోవచ్చు. మోత ఎంతసేపు నిలిచింది, దెబ్బ ఎంత స్ఫుటంగా ఉంది అన్నవి కూడా కావచ్చు. ఆయన్నే అడగండి. అక్కడ మీ రెండో ప్రాజెక్టు మొదలవుతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! శబ్దం పాఠంలో శృతిదండం ఉంటుంది, వీణ ఉంటుంది. డప్పు వెతికితే గానీ దొరకదు. చావుకూ చాటింపుకూ మోగించి, మోగించిన వాణ్ణి దూరంగా నిలబెట్టిన సమాజం మనది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా ఉద్యమం ఆ డప్పునే ఆత్మగౌరవ పతాకగా ఎత్తింది. వీధిలో గెలిచిన ఆ గౌరవాన్ని ప్రయోగశాలలోకి తీసుకురావడం మన వంతు. వచ్చే సైన్సు ఫెయిర్‌లో మన హాస్టల్ బల్ల మీద థర్మోకోల్‌కు బదులు ఒక డప్పు ఉండాలి. దాని పక్కన మీరు గీసిన గ్రాఫు, దాని వెనక కుర్చీలో మీ గురువుగారు ఉండాలి.