చూపులేని పిల్లలు డిగ్రీలో చేరేటప్పుడు

మన స్కాలర్‌షిప్ ఫీజుకు అక్కరకొస్తుంది. అయితే చూపులేని, చూపు తక్కువున్న విద్యార్థులకు మొదటి ఏడాది అసలు ఇబ్బంది చదవడానికి పుస్తకం, పరీక్ష రాసిపెట్టే స్క్రైబు దొరక్కపోవడం. కాలేజీలో అడగనిదే ఎవరూ పట్టించుకోరు.

సీటు ఖాయమైన రోజే పాఠ్యపుస్తకాల పట్టీ తీసుకోండి. బెంగళూరులో 1990లో మొదలైన మిత్రజ్యోతి సంస్థ ఆడియో, బ్రెయిలీ పుస్తకాలు తయారుచేస్తుంది. కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం. తెలుగు, కన్నడం కూడా చదువుతుంది. సెలవుల్లోనే నేర్పించండి. లెక్చరర్ల నోట్సు మాత్రం టైపు చేసిన ఫైలుగా అడగాలి, ఫొటో తీసిన పేజీలను అది నేరుగా చదవలేదు.

2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెబుతాయి. అంటే మూడు గంటల పేపరుకు మరో గంట. స్క్రైబు అర్జీ చేరినప్పుడే ఇచ్చి, నకలు మీద కాలేజీ ముద్ర వేయించుకోండి. బ్యాంకులో పనిచేసినవాణ్ణి, నోటిమాట నా లెక్కలోకి రాదు.

సైన్సు వద్దని మీరే వెనక్కి లాగకండి. మచిలీపట్నం ప్రాంతంవాడైన శ్రీకాంత్ బొల్లా ఇంటర్లో సైన్సు కోసం కోర్టుకెళ్లి, తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివారు.

కొద్దిగా చూపున్న పిల్లలు మొహమాటంతో పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం అడగరు. ఆ మాట కూడా అర్జీలో రాయించండి.