ఆర్ద్ర ఎర్రనేల?

ఆర్ద్ర కార్తె వానకై ఎదురుచూసే మనలో ఆర్ద్రా నక్షత్రాన్ని గుర్తుపట్టేవారెందరు? మాఘమాసంలో, రాత్రి తొలిజామున డాబా ఎక్కండి. నడినెత్తికి దగ్గరగా మూడు చుక్కలు వరుసగా ఉంటాయి. వాటికి ఒక పక్క ఎర్రనిది ఆర్ద్ర; రెండో పక్క నీలితెలుపుది రీగెల్.

కమ్మరి కొలిమి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు: ఎరుపుకన్న తెలుపు వేడి. రీగెల్ ఉపరితలం సుమారు 12,000 డిగ్రీలు, సూర్యుడిది 5,500, ఆర్ద్రది 3,300. అయితేనేం, ఆర్ద్రను సూర్యుడి స్థానంలో ఉంచితే భూమిని మింగివేస్తుంది!

చుక్క ఆయుర్దాయం దాని బరువులో ఉంది. సూర్యుడు పొదుపరి, వెయ్యి కోట్ల ఏళ్లు వెలిగి, చివరకు భూమంత తెల్లని ముద్దగా మిగులుతాడు. బరువైన ఆర్ద్రదంతా దుబారా. కోటి ఏళ్లకే ముసలిదైంది. 2019 చివర అది మసకబారితే, పేలుతుందేమోనని లోకమంతా చూసింది. తీరా అడ్డుపడ్డది ధూళి! పేలుడు లక్ష ఏళ్లలోపు ఎప్పుడైనా రావచ్చునట. అంతదూరాన ఉన్నది గనుక మనకు ప్రమాదం లేదు. కాని కొన్ని నెలలపాటు పట్టపగలే కనిపిస్తుంది.