ఎండిన చెట్టు పక్కనే పచ్చని చెట్టు

బీచ్ అనగానే మనకు సముద్రతీరం గుర్తుకొస్తుంది. ఐరోపాలో అది ఒక చెట్టు పేరు కూడా. మన తెలుగు బైబిలులో సిందూర వృక్షం అని చదువుకునే ఓక్ చెట్టుకు ఇది దగ్గరి బంధువు. మన ఎండలకు ఇది పెరగదు. అయినా ఇటీవల అక్కడి కరువులో ఈ చెట్టును గురించి తెలిసిన ఒక సంగతి మన సంఘాలకు పనికొస్తుంది.

స్వీడన్ దక్షిణ భాగం మొదలుకొని ఇటలీలోని సిసిలీ దీవి వరకు బీచ్ అడవులు ఉన్నాయి. చెట్టు 30 మీటర్లకు పైగా పెరుగుతుంది. బెరడు బూడిద రంగులో, నున్నగా, పలుచగా ఉంటుంది. నీడను ఓర్చుకోవడం దీని ప్రత్యేకత. పెద్ద చెట్ల కింద మొలిచిన మొక్క, పైన ఒక చెట్టు కూలి వెలుతురు దిగే వరకు, దశాబ్దాల తరబడి కూడా ఎదురుచూడగలదు.

కాపు కూడా విచిత్రమే. కొన్నేళ్లు దాదాపు ఏమీ కాయదు. తర్వాత ఒక ఏడాది ఆ ప్రాంతంలోని చెట్లన్నీ ఒక్కసారే విరగకాస్తాయి. ఎలుకలు, పక్షులు, అడవి పందులు తినగలిగినంత తిన్నా మొలకెత్తడానికి గింజలు మిగులుతాయి. ఆడ పూలు, మగ పూలు ఒకే చెట్టుకు పూసినా, గింజ కట్టాలంటే సాధారణంగా మరో చెట్టు పుప్పొడి గాలికి కొట్టుకు రావాలి. అందువల్ల ఒకే తల్లి చెట్టు గింజలైనా ఏ రెండూ ఒకేలా ఉండవు.

ఈ తేడా ఎంత ముఖ్యమో కరువు చూపించింది. 2018లోను, 2019లోను మధ్య ఐరోపాలో వరుసగా తీవ్రమైన ఎండలు కాశాయి, వానలు ముఖం చాటేశాయి. జర్మనీలోని హెస్సే రాష్ట్రంలో బీచ్ చెట్లు వేసవిలోనే ఆకు రాల్చాయి. కాని అన్నీ కాదు. ఎండిన చెట్టు పక్కనే మరొకటి పచ్చగా నిలిచింది. నేల ఒకటే, వాన ఒకటే, ఎండా ఒకటే.

శాస్త్రవేత్తలు ఇలాంటి ఇరుగుపొరుగు చెట్లను 200 జతలకు పైగా ఎంచుకొని వాటి డీఎన్ఏను పోల్చారు. 2021లో ప్రచురించిన ఆ పరిశోధనలో, డీఎన్ఏలో 106 చోట్ల కనిపించిన చిన్న తేడాలకు కరువు దెబ్బతో సంబంధం ఉన్నట్టు తేలింది. అంటే నిలిచిన చెట్టుకు ఆ ఓర్పులో చాలా భాగం గింజలోనే వచ్చింది. అది సంపాదించుకున్నది కాదు. ఎండిన చెట్టు చేసిన తప్పూ లేదు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఒకే వీధిలో రెండు కుటుంబాలకు ఒకే రకమైన కష్టం వస్తుంది. ఒకరు తట్టుకుంటారు, ఒకరు కుంగిపోతారు. కుంగినవారిని చూసి "విశ్వాసం చాలలేదు, ప్రార్థన తక్కువైంది" అనడం మన సంఘాల్లో ఎంత సులువైపోయింది! యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివానిని చూసి శిష్యులు కూడా ఎవరి పాపమని లెక్క వేశారు. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకోలేదు. మనిషి చెట్టు కాదు, నిజమే. అయినా ఒకరి దేహం, పెరిగిన ఇల్లు, చిన్ననాటి గాయాలు మనకు కనిపించవు. నిలబడినవారు అతిశయించడానికి గాని, పడినవారిని తీర్పు తీర్చడానికి గాని మనకు ఆధారం లేదు.

ఈ పరిశోధన అడవికి ఆశ కూడా ఇచ్చింది. కరువుకు తట్టుకునే చెట్లు ఏవో గుర్తించి, వాటి గింజలతో మళ్లీ అడవి పెంచవచ్చు. అయితే ఒకే చెట్టు గింజలతో నింపితే రేపు మరో తెగులు వచ్చి అన్నిటినీ ఒక్కసారే తుడిచిపెట్టవచ్చు. అనేక చెట్ల గింజలు కలిస్తేనే అడవికి భద్రత. చర్చి ఆవరణలో మొక్కలు నాటేటప్పుడు మనకూ ఇదే వర్తిస్తుంది. తోటను కాపాడే పని ఆదికాండము 2వ అధ్యాయం నుండే మనిషికి అప్పగించబడింది.

ఇంకొక మాట. బీచ్ బెరడు పలుచన కనుక, చుట్టూ ఉన్న చెట్లను ఒక్కసారిగా నరికేస్తే మిగిలిన చెట్టు కాండం ఎండకు కాలి పగులుతుంది. ఎంత బలమైన చెట్టుకైనా పొరుగు చెట్ల నీడ కావాలి. మీ సంఘంలో ఈ ఏడాది వాడిపోయిన కుటుంబం ఏది? కారణం అడగడానికి కాదు, తోడుగా కూర్చోవడానికి ఈ వారమే వారింటికి వెళ్లండి.