రాతి అచ్చులో దమయంతి మేడ

నలుడి కబురు చెబుతున్న హంస, చెవి ఒగ్గిన దమయంతి, పక్కన రాతి కట్టడం. రవివర్మ 1899లో వేసిన ఈ బొమ్మను చూసీ చూసీ విదర్భ రాజభవనం అచ్చం ఇలాగే ఉండేదనుకుంటాం. నిజామాబాద్ దగ్గరి మాక్లూర్ నుంచి ఆదిలాబాద్ మీదుగా పెన్‌గంగ దాటితే విదర్భే. అక్కడెంత వెతికినా ఈ మేడ దొరకదు. పురాణాన్నీ, సంస్థానాల వైభవాన్నీ, ఐరోపా చిత్రకళనూ కలిపి కట్టిన ఊహ అది. నలదమయంతుల కథ చెప్పే శ్రీనాథుడి శృంగార నైషధం చదవగలిగినవాళ్లు కొద్దిమందే. అదే కథను సామాన్యుల గోడలకెక్కించింది రాతి అచ్చు.

దీన్ని కనిపెట్టిన అలోయిస్ సెనెఫెల్డర్ జర్మన్ నాటక రచయిత. నాటకాలు అచ్చేయించే స్తోమత లేక సొంత ప్రయోగాలకు దిగాడు. 1796లో చాకలిపద్దు రాయడానికి కాగితం దొరక్క, మైనం కలిపిన సిరాతో రాతిపలక మీద రాశాడట. రెండేళ్లలో కిటుకు తేలింది: నూనెకూ నీళ్లకూ పడదు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, తుమ్మజిగురులో కాస్త ఆమ్లం కలిపి పూస్తారు. తర్వాత నీళ్లతో తడిపి సిరా రోలరు దొర్లిస్తే, గీత ఉన్నచోటే సిరా అంటుతుంది. తడిచోటు దాన్ని తోసేస్తుంది. రంగుకో రాయి. బొమ్మ తిరగేసి గీయాలి. ఒక్క రాయి వెంట్రుకవాసి జరిగినా దమయంతి పెదవి రంగు చెంపకెక్కుతుంది!

రవివర్మ 1894లో జర్మన్ యంత్రాలతో బొంబాయిలో ప్రెస్ పెట్టాడు. తర్వాత అది లోణావలా దగ్గరి మలవలికి మారి, జర్మన్ నిపుణుడు ష్లైషర్ చేతికి వెళ్లింది. 1972 అగ్నిప్రమాదంలో చాలావరకు బూడిదైంది.

మేడ అబద్ధమైతే నష్టం లేదు. నాకు గుచ్చుకునేది వేరు. ఈ పటంలో నలుడు లేడు. ముల్లు తీసుకునే నెపంతో వెనక్కి చూసే శకుంతల పటంలో దుష్యంతుడూ లేడు. ప్రేమంటే ఆడది ఎదురుచూడటమేనని యంత్రం వేల ప్రతులు తీసి మరీ నమ్మించింది.

నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో మీ అటక మీద ఇలాంటి పాత పటం ఉంటే తడిగుడ్డతో తుడవకండి. ముందు భూతద్దం పెట్టి చూడండి. చుక్కలు వరసగా, ఒకే తీరుగా ఉంటే అది ఈమధ్యటి ఆఫ్‌సెట్ అచ్చు. చెదురుమదురుగా, చేత్తో పెట్టినట్టుంటే రాతి అచ్చు కావచ్చు. దాన్ని పాతసామాన్లవాడికి వేయకండి.