కుక్కను వెళ్ళగొడితే మిన్నల్లి పోదు

రాజైన సౌలు మూడువేల మందిని వెంటబెట్టుకొని తనను తరుముతున్నప్పుడు దావీదు తన్ను తాను మిన్నల్లితో పోల్చుకున్నాడు. మొదటి సమూయేలు గ్రంథము 24, 26 అధ్యాయములలో ఈ పోలిక కనబడుతుంది. ఇంత అల్పమైనదాని కోసము రాజు ఇంత శ్రమపడాలా అని అతని భావము. అయితే కుక్కనో పిల్లినో పెంచుకొనే మన కుటుంబములను అడిగి చూడండి. మిన్నల్లిని పట్టడానికి మూడువేల మంది కూడా చాలరంటారు!

గృహదర్శనములకు వెళ్ళినప్పుడు ఈ చిన్న పురుగు పెట్టే పెద్ద తగవులను మేము చూస్తుంటాము. పిల్లల కాళ్ళనిండా దద్దుర్లు. "ఆ కుక్కను పంపిస్తారా లేదా?" అని నాయనమ్మ. "పంపిస్తే నేను అన్నం తినను" అని మనుమడు. చివరకు ఒకనాడు ఎవరో ఆ మూగజీవిని గోనెసంచిలో వేసి ఊరిబయట వదిలి వస్తారు. విచిత్రమేమంటే, అటుతరువాత కూడా కుట్టడము ఆగదు. కొన్ని ఇళ్ళలో ఇంకా ఎక్కువవుతుంది! ఎందుకో తెలుసుకుంటే ఎన్నో ఇళ్ళలో ఈ కన్నీళ్ళు తప్పుతాయి.

ముందు శత్రువును గుర్తించండి

కుక్క ఒంటిమీద కనబడే ప్రతి పురుగును మనము గోమారి అనేస్తాము. గోమారికి ఎనిమిది కాళ్ళు. అది చర్మమును కరచుకొని, కదలకుండా రక్తము త్రాగి ఉబ్బుతుంది. మిన్నల్లికి ఆరే కాళ్ళు. గోధుమరంగులో, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున, రెండు ప్రక్కల నొక్కినట్టు పలుచగా ఉంటుంది. రెక్కలు లేవు గాని బహు దూరము గెంతుతుంది. పిల్లి మిన్నల్లి అని పిలిచే జాతియే కుక్కలమీద కూడా ఎక్కువగా ఉంటుంది.

అనుమానముంటే ఒక పరీక్ష చేయండి. కుక్కను తెల్లగుడ్డమీద నిలబెట్టి పేలదువ్వెనతో దువ్వండి. మిరియపు పొడివంటి నల్లని నలుసులు రాలితే వాటిపై నీటిచుక్క వేయండి. ఎర్రగా మారితే అది మిన్నల్లి విసర్జించిన రక్తమే.

కనబడేది కొంచెము, దాగినది అధికము

ఒక ఆడ మిన్నల్లి రక్తము త్రాగిన ఒకటి రెండు రోజులకే గ్రుడ్లు పెట్టనారంభించి, రోజుకు 40, 50 వరకు పెడుతుంది. ఆ గ్రుడ్లు ఒంటికి అంటుకొని ఉండవు. కుక్క పడుకున్నచోటనెల్లా రాలిపోతాయి. వాటిలోనుండి వచ్చే పిల్లపురుగులు వెలుగును సహింపలేవు. మంచము క్రిందికి, చాపల అడుగుకు, నేల పగుళ్ళలోనికి దూరి పెరుగుతాయి. తరువాత పట్టుపురుగువలె గూడు కట్టుకుంటాయి. మన ఇళ్ళలోని వేడికి, తేమకు మూడు నాలుగు వారములలో ఈ చక్రము పూర్తవుతుంది. ఇంటిలోనున్న మొత్తములో పెద్ద మిన్నల్లులు నూటికి సుమారు ఐదే. తక్కినవన్నీ గ్రుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్ళుగా మూలల్లో ఉంటాయి.

గూటిలోనున్న పురుగు నెలల తరబడి కదలక వేచియుండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలినప్పుడు గెంతి బయటికి వస్తుంది. సెలవులకు వెళ్ళి వచ్చి తాళము తీసిన ఇంటిలో ఒక్కసారిగా కాళ్ళు మండిపోవుటకు కారణమిదే. కుక్కను వదిలేసిన ఇంటిలో కూడా జరిగేది ఇదే. కుక్క పోయింది, దాని పక్క పోలేదు. ఆకలిగొన్న మిన్నల్లులకు ఇక మిగిలింది మనమే.

ఏమి చేయవలెను?

మొదటిది, జంతువు. పశువైద్యునికి చూపించి బరువునుబట్టి మందు అడగండి. మెడవెనుక చర్మముపై వేసే ఫిప్రోనిల్ చుక్కల మందు ఉన్నది. నోటి ద్వారా ఇచ్చే ఫ్లూరలానర్, అఫోక్సోలానర్ బిళ్ళలు కూడా ఉన్నాయి. చుక్కల మందు వేయుటకు రెండు రోజుల ముందు, వేసిన రెండు రోజుల వరకు స్నానము చేయించవద్దు. ఇంటిలోనున్న కుక్కలన్నిటికి, పిల్లులన్నిటికి ఒకేసారి వైద్యము జరగవలెను. ఒకదానిని విడిచిపెట్టినా శ్రమంతా వ్యర్థము. ఎనిమిది వారములు నిండని పిల్లలకు చాలా మందులు పనికిరావు. వాటిని పేలదువ్వెనతో దువ్వి, వచ్చిన పురుగులను సబ్బునీళ్ళలో వేయండి.

రెండవది, ఇల్లు. కుక్క పడుకొనే గోనెపట్టాలు, బొంతలు వారమునకొకసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి. పరుపులు, చాపలు, కాళ్ళపట్టాలు ఎండలో దులపండి. పిల్లపురుగుకు తేమ లేకపోతే బ్రతుకు లేదు. మంచాలను, బీరువాలను జరిపి ప్రతిదినము ఊడ్చండి. ఆ చెత్తను గుమ్మములో పోయక సంచిలో కట్టి దూరముగా పారవేయండి. నేల పగుళ్ళను సిమెంటుతో పూడ్చండి. పెరటిలో అది పడుకొనే ఇసుకకుప్పను, నీడపట్టును మరువవద్దు.

మూడవది, ఓర్పు. గూటిలోనికి మందు చొరబడదు. కాబట్టి మందు వేసిన తరువాత కూడా కొన్ని వారములు క్రొత్త మిన్నల్లులు కనబడుతూనే ఉంటాయి. మందు పనిచేయలేదని విడిచిపెట్టవద్దు. మూడు నెలలు తప్పక కొనసాగించండి.

చేయకూడనివి

కిరోసిన్ పూయవద్దు. చర్మము కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులు చెడుతాయి. పొలములో చల్లే పురుగుమందు అసలే వద్దు. పెర్‌మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి ప్రాణాంతకము. వేపాకు కాచిన నీళ్ళతో కడగడము మన పెద్దల అలవాటే గాని, దానినొక్కదానినే నమ్ముకొని ఊరకుండరాదు.

నిర్లక్ష్యమునకు మూల్యము దురద మాత్రమే కాదు. పసికుక్కలు రక్తహీనతతో చనిపోవచ్చును. బద్దెపురుగు పిల్ల ఉన్న మిన్నల్లిని మ్రింగిన కుక్కకు ఆ పురుగు సోకుతుంది. నేలమీద ఆడుకొనే పసిపిల్లలు పొరపాటున మ్రింగితే వారికిని సోకుతుంది. మలములో దోసగింజలవంటి తెల్లని ముక్కలు కనబడితే వైద్యునికి చూపించండి.

కృతజ్ఞతయు చీపురును

మిన్నల్లి కొరకు దేవునికి స్తోత్రము చెల్లించిన స్త్రీ ఒకరున్నారు. హాలండు దేశములో యూదులను దాచినందుకు కోరీ టెన్ బూమ్, ఆమె అక్క బెట్సీ 1944లో రావెన్స్‌బ్రుక్ చెరలో పడ్డారు. వారి గది మిన్నల్లులమయము. అన్నిటి విషయమై స్తోత్రము చెల్లించవలెను గనుక వీటి విషయమై కూడా చెల్లిద్దామని బెట్సీ అన్నది. కోరీకి అది మ్రింగుడుపడలేదు. కొంతకాలమునకు సంగతి తెలిసింది. మిన్నల్లుల భయముచేత కావలివారు ఆ గదిలో అడుగు పెట్టేవారు కారు. అందుచేతనే అక్కడ వాక్యపఠనము నిరాటంకముగా సాగింది. 1971లో వెలువడిన "ది హైడింగ్ ప్లేస్" అను గ్రంథములో కోరీ దీనిని వివరించారు.

అయితే గమనించండి. బెట్సీకి ఆ గదిని శుభ్రపరచుకొనే స్వేచ్ఛ లేదు. మనకున్నది. తొలగించలేనిదానిని స్తోత్రముతో భరించుట విశ్వాసము. తొలగించగలిగి కూడా ఊరకుండుట సోమరితనము. చేయవలసిన పని చేయక నోరులేని ప్రాణిని వీధిపాలు చేయుట అన్యాయము. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెడతాడని సామెతలు 12:10 మనకు బోధిస్తున్నది గదా!

కుటుంబములలో కూడా ఇంతే. ఏదైన చిక్కు వచ్చినప్పుడు ఎదుట కనబడే ఒక్కరిమీద తప్పంతా మోపి, వారు వెళ్ళిపోతే శాంతి వస్తుందనుకుంటాము. మూలలు ఊడ్వని ఇంటిలో ఎవరు వెళ్ళినా శాంతి రాదు.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ శనివారము ఇంటిల్లిపాది కలిసి మంచములు జరపండి. పెద్దవారు బరువులెత్తండి, పిల్లలకు దువ్వెన ఇవ్వండి. కుక్కకు గుమ్మము చూపించే ముందు ఒక్కసారి మంచము క్రిందకు చూడండి.